పాత ఓమ్నీకి వీల్ బేరింగ్ కొంటున్నారా? ముందు ఇవి చూడండి

ఈసారి జీవామృతం గురించో కషాయాల గురించో కాదు, బండి గురించి మాట్లాడుకుందాం. మధ్యలో దళారీ వద్దనుకుని నేరుగా ఇళ్లకు అమ్ముకుంటున్నాం కదా, మరి ఆ దళారీ జాగాలో ఇప్పుడు కూర్చున్నది మన బండే. అది ఆగిందంటే ఆ రోజు కోసిన ఆకుకూర అంతా పోయినట్టే.

మాది 2011 మోడల్ ఓమ్నీ. వారానికి రెండు రోజులు చేవెళ్ల వైపు నుంచి కూరలేసుకుని మెహదీపట్నం, మాసాబ్ ట్యాంక్ మీదుగా పంజాగుట్ట వస్తాను. అక్కడ కొన్ని అపార్ట్‌మెంట్లు, ఆ తర్వాత అమీర్‌పేట్‌లో రెండు హాస్టళ్లు. ఒక రోజు పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ముందు కుడి చక్రం గరగరమంటూ బిగుసుకుంది. లోపల పాలకూర, తోటకూర, గోంగూర. ఎండ అప్పుడే ముదురుతోంది. వెనకాల హారన్లు.

తోసుకుంటూ పక్కకు పెట్టి, తెలిసిన మెకానిక్ అన్నను పిలిచాను. హబ్ విప్పి చూస్తే గ్రీసు మాడి నల్లగా ఉంది, రేస్ మీద పొలుసు లేచింది. ఆ బేరింగ్ వేసి నాలుగు నెలలు కూడా కాలేదు! “ఇది అసలు మాల్ కాదు తమ్మీ, డబ్బా ఒక్కటే అసలుది లెక్క ఉంది” అన్నాడు. నిజమే, దారిలో ఒక షాపులో సగం కన్నా తక్కువ ధరకే వస్తోందని బిల్లు కూడా లేకుండా కొన్నాను. విత్తనాల ప్యాకెట్ మీద లాట్ నంబరు చూడనిదే కొనని మనిషిని, బేరింగ్ దగ్గర మాత్రం డబ్బా రంగు చూసి మోసపోయాను.

చెడిపోయే ముందు బేరింగ్ చెబుతుంది, మనమే వినం. వేగంతో పాటు పెరిగే హమ్మనే గోల మొదటి గుర్తు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, అప్పుడు గోల పెరిగితే కుడి వైపు బేరింగ్‌ను అనుమానించాలి. తర్వాత జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. కదిలితే లోపల ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే కదలిక ఆగిపోతే బేరింగే. ఆగకపోతే బాల్ జాయింట్ లాంటిది చూసుకోవాలి. పై వీడియోలో ఇది చేసి చూపించాను.

ఇక కొనడం. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది, అయినా సామాన్లు దొరుకుతున్నాయి. పాత బేరింగ్ పారేయకండి, దాని మీద నంబరు ఉంటుంది. ఉదాహరణకు 6205 అని ఉందనుకోండి, చివరి రెండంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు అని అర్థం. నంబరు తర్వాత వచ్చే అక్షరాలను చాలామంది వదిలేస్తారు, అసలు తేడా అక్కడే ఉంది. 2ఆర్‌ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, దుమ్ము ఆపుతుంది కానీ నీళ్లను అంతగా ఆపదు. కాలువ గట్ల మీద, బురదలో తిరిగే మన బండ్లకు ఈ తేడా చిన్నది కాదు. సీ3 అని ఉంటే లోపల సందు మామూలు కన్నా ఎక్కువ. పాతదాని మీద ఏ అక్షరాలుంటే కొత్తదాని మీద అవే ఉండాలి. “అన్నీ ఒకటే సార్” అంటే ఆ షాపు నుంచి బయటికొచ్చేయండి.

నంబరు సరిపోయినంత మాత్రాన నాణ్యత ఉన్నట్టు కాదు. ఎస్‌కెఎఫ్, ఎఫ్‌ఏజీ, ఎన్‌టీఎన్, జైపూర్‌లో తయారయ్యే మన ఎన్‌బీసీ, ఏదైనా సరే, కంపెనీ డీలరు దగ్గర జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. లేదంటే మారుతి జెన్యూన్ పార్ట్స్ కౌంటరుకు వెళ్లండి. ముద్ర చూసి దొంగ సరుకు కనిపెట్టడం మన వల్ల కాదు, ఈ రోజుల్లో ముద్ర కూడా అచ్చం దింపేస్తున్నారు. ఎస్‌కెఎఫ్ అయితే ఎస్‌కెఎఫ్ అథెంటికేట్ అనే యాప్ ఉంది, అది అడిగినట్టు ఫొటోలు తీసి పంపితే కంపెనీ వాళ్లు చూసి చెబుతారు. నేను రెండోసారి రాణిగంజ్‌ వెళ్లి డీలరు దగ్గర తెచ్చాను. అమీర్‌పేట్ నుంచి దూరమేమీ కాదు.

మంచి బేరింగ్‌ను కూడా బిగించేటప్పుడు చంపేయొచ్చు. సుత్తితో కొడితే ఆ దెబ్బ బాల్స్ గుండా రేసులో దిగి గుంటలు పడతాయి, కొత్తదే మొదటి రోజు నుంచి గోల చేస్తుంది. ప్రెస్ ఉన్న చోటే వేయించండి, గట్టిగా కూర్చోవాల్సిన రేసు మీదే ఒత్తిడి పడాలి. ఆయిల్ సీలు కొత్తది వేయించండి, పాతది మళ్లీ వాడొద్దు. నట్టును బలం కొద్దీ కాకుండా మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించాలి.

ఇంకొకటి, ఇది నా సొంత తప్పు. పొలం నుంచి రాగానే పవర్ స్ప్రేయర్‌తో చక్రాలు కడిగేవాడిని, గన్ను నేరుగా హబ్ మీదకే పెట్టి. అంత ఒత్తిడికి సీలు దాటి నీళ్లు లోపలికి పోతాయి. ఇప్పుడు బకెట్టు, గుడ్డ అంతే.

కుడి చక్రానిది మార్చి ఏడాది దాటింది, ఇప్పటిదాకా చప్పుడు లేదు. ఎడమది బండితో పాటు వచ్చిందే. పోయిన వారం ఊపి చూస్తే కొద్దిగా కదులుతోంది. సోమవారం హాస్టళ్లలో కూరలు దించాక రాణిగంజ్ పోతున్నాను.