సొంత వెబ్‌సైట్ పెట్టుకునేవారికి: పేరు ఎవరి చేతిలో ఉంది?

మన సొసైటీ హాలులో ఆదివారం పూట జరిగే కంప్యూటర్ క్లాసుకు బల్లలు, పాత కంప్యూటర్లు ఇచ్చింది ఈ సంచిక చదివే దాతలే. అక్కడ పిల్లలకు ఏం నేర్పుతున్నారని మీలో చాలామంది అడుగుతుంటారు. అన్నీ చెప్పబోతే పేజీలు చాలవు కాబట్టి ఈసారి ఒక్క విషయమే తీసుకున్నాం. జీవితంలో మొదటిసారి సొంత పేరుతో వెబ్‌సైట్ పెట్టుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నదే ఆ విషయం. మీలో దుకాణదారులు, టీచర్లు, డాక్టర్లు ఉన్నారు. మీకు కాకపోయినా మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఇది పనికొస్తుంది.

ముందుగా మేము తిన్న దెబ్బ గురించి చెప్పాలి. మా క్లాసుకు వచ్చే ఒక ఆపా మగ్గం వర్క్ చేస్తారు. పెళ్లి జాకెట్లు, ఖడా దుపట్టాలు ఆమె చేతిలో పడితే చూడముచ్చటగా ఉంటాయి. క్లాసులో చేరకముందే, తెలిసిన కుర్రాడొకడు ఆమెకు వెబ్‌సైట్ చేసి పెట్టాడు. ఆ కుర్రాడిని ఆమెకు చూపించింది మేమే. పని బాగానే చేశాడు, డబ్బు కూడా తక్కువే తీసుకున్నాడు. ఆపా ఆ చిరునామాతో విజిటింగ్ కార్డులు అచ్చు వేయించారు, ఇంటి గేటుకు బోర్డు కూడా పెట్టించారు. కుర్రాడు ఉద్యోగం దొరికి కువైట్ వెళ్లాడు, ఫోను నంబరు మారింది. ఏడాది తిరిగేసరికి సైటు తెరుచుకోవడం మానేసింది. నెట్ సరిగా లేదేమో అనుకున్నాం. మరికొన్ని వారాలకు అదే చిరునామా కొడితే పేకాట ప్రకటనలు వచ్చాయి. పెళ్లికూతురి తల్లి ఒకావిడ ఫోన్ చేసి "ఇదేంటమ్మా మీ సైటు ఇలా ఉంది?" అని అడిగేదాకా ఆ సంగతి మాకు తెలియలేదు.

జరిగింది ఇంతే. పేరును కుర్రాడు తన ఈమెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ అతను తెరవని ఆ మెయిల్‌కే పోయాయి. గడువు దాటింది, పేరు బజారులోకి వచ్చింది, ఇంకెవరో తీసుకున్నారు. కుర్రాడి మనసులో మోసం లేదు. ఆ పేరు ఎవరి చేతిలో ఉందని ఒక్కరోజు కూడా అడగనిది మేమే.

అందుకే ఇప్పుడు క్లాసులో మొదటి పాఠం పేరు గురించే చెబుతున్నాం. వెబ్‌సైట్ అంటే మూడు వేర్వేరు సంగతులు. ఒకటి పేరు, అంటే డొమైన్. ఇది డోర్ నంబరులాంటిది. రెండోది స్థలం, అంటే హోస్టింగ్. ఎప్పుడూ నెట్‌లో ఉండే ఒక కంప్యూటర్‌లో మనకు ఇచ్చే చోటు ఇది. మూడోది ఆ చోట మనం పెట్టుకునే రాతలు, ఫొటోలు. ఎవరైనా మన పేరు టైపు చేయగానే, డీఎన్ఎస్ అనే చిరునామాల వ్యవస్థ ఆ పేరు వెనక ఉన్న కంప్యూటర్ నంబరును వెతికి అక్కడికి చేరుస్తుంది. ఈ మూడూ ఒకేచోట తీసుకోవాలని లేదు. స్థలం నచ్చకపోతే సామాను వేరేచోటికి తరలించి, అదే డోర్ నంబరు వాడుకోవచ్చు. అయితే పేరు మన చేతిలో ఉన్నప్పుడే అది సాధ్యం.

డొమైన్ "కొన్నాం" అంటాం గానీ అది కొనుగోలు కాదు, కౌలు. ఏడాదికోసారి రుసుము కట్టాలి, లేదా కొన్నేళ్లకు ముందుగానే కట్టుకోవచ్చు. డాట్‌కామ్ పేర్లకు ఒకేసారి పదేళ్లకు మించి ఇవ్వరు. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలన్నది నియమం. గడువు దాటాక కొన్నిరోజులు మామూలు రుసుముతోనే కట్టించుకుంటారు. ఎన్నిరోజులన్నది రిజిస్ట్రార్‌ను బట్టి ఉంటుంది. అది కూడా దాటితే మరో 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు. ఆ తర్వాత అయిదు రోజులకు పేరు ఎవరికైనా దొరుకుతుంది. అంటే నిద్ర లేవడానికి వ్యవధి బాగానే ఉంది. కాకపోతే ఆ మెయిల్ మనకు రావాలి. కాబట్టి పేరు మన సొంత ఈమెయిల్‌తో, మన ఫోను నంబరుతో, మన పేరు మీదే రిజిస్టర్ కావాలి. చేసిపెట్టేవాళ్లు ఎవరైనా సరే, మన అన్న కొడుకైనా సరే, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. ఇంకో మాట, మొదటి ఏడాది రుసుము చాలా తక్కువగా చూపించి రెండో ఏడాది నుంచి పెంచేవాళ్లున్నారు. రెన్యూవల్ ధర ఎంతో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

ఇక ఏ పేరు పెట్టుకోవాలన్నది మనవాళ్లకు పెద్ద చిక్కు. ఒకే వీధిలో ముగ్గురు బాషాలు, ఇద్దరు మస్తాన్‌లు ఉంటారు. ఇంటిపేరు షేక్ అని పూర్తిగా రాసేవారు కొందరు, ఎస్‌కే అని పొడి అక్షరాలు వేసేవారు కొందరు. మహమ్మద్ అన్న పేరునైతే ఇంగ్లిషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉన్నవాళ్లు మా క్లాసులోనే ఉన్నారు. ఒట్టి పేరుతో వెళ్తే ఆ డొమైన్ ఎవరో ఒకరు తీసుకునే ఉంటారు, దొరికినా ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు తప్పు రాసుకుంటారు. అందుకని పేరుకు పనినో ఊరినో కలపమంటున్నాం. చెవితో విని రాసుకోగలిగేలా ఉండాలి, మధ్యలో గీతలు, అంకెలు వద్దు. మన దేశపు డాట్‌ఇన్ పేర్లను నిక్సీ అనే సంస్థ నిర్వహిస్తోంది. తెలుగు లిపిలోనే రాసే డాట్‌భారత్ పేర్లు కూడా ఉన్నాయి. ముచ్చటగానే ఉంటాయి గానీ, అదొక్కటే పెట్టుకోవద్దని మా సలహా. ఫోన్‌లో ఇంగ్లిషు కీబోర్డుతో వెతికేవాళ్లే ఇంకా ఎక్కువమంది.

స్థలం విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. రెండు మూడు పేజీలు, పది ఫొటోలు ఉన్న సైటుకు ఉచితంగా చోటిచ్చే సేవలు చాలానే ఉన్నాయి. గూగుల్ సైట్స్‌లో కోడ్ అవసరం లేకుండా పేజీలు పేర్చుకోవచ్చు. గిట్‌హబ్ పేజెస్‌లో మనం రాసిన ఫైళ్లను అలాగే పెట్టవచ్చు. రెండింటికీ మన సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. కానీ ఉచిత స్థలాన్ని నమ్ముకుని ఒక్క కాపీ కూడా దగ్గర ఉంచుకోకపోతే ప్రమాదమే. జియోసిటీస్ అని ఒకప్పుడు లక్షలాది మంది తమ మొదటి పేజీలు పెట్టుకున్న చోటు ఉండేది. 2009 అక్టోబరులో దాన్ని అమెరికాలో మూసేశారు. కాపీ ఉంచుకోనివాళ్ల రాతలు కొన్ని అలాగే పోయాయి.

పేజీ రాయడం గురించి భయపడేవాళ్లకు మేము చెప్పేది ఒకటుంది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాల నుంచి లోకానికి చూపించిన మొట్టమొదటి సైటులో ఒక్క బొమ్మ కూడా లేదు. అక్షరాలు, లింకులు, అంతే. 1993లో సెర్న్ ఆ సాంకేతికతను ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. మనం ఇవాళ పైసా కట్టకుండా పేజీ రాసుకోగలగడానికి అదే మూలం. హెచ్‌టీఎమ్‌ఎల్ అంటే మాటల చుట్టూ గుర్తులు పెట్టడమే. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఫొటో, ఇది లింకు అని బ్రౌజర్‌కు చెబుతాం. ఆ నాలుగు గుర్తులు వస్తే మొదటి పేజీ తయారైపోతుంది. కంప్యూటర్ ముట్టుకునే ముందు మాత్రం ఒక తెల్ల కాగితం మీద, ఈ పేజీకి ఎవరు వస్తారు, వాళ్లకు ముందు ఏం తెలియాలి అని రాయిస్తున్నాం. ఆపా పేజీకి వచ్చేవాళ్లు అడిగేవి మూడే: పని ఎలా ఉంటుంది, ఎన్నిరోజులు పడుతుంది, ఎలా మాట్లాడాలి. ఆ మూడూ పైన కనిపించాలి. మిగతాదంతా కింద.

తెలుగు అక్షరాల దగ్గర మేము రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాం. ఒక విద్యార్థి తన పరిచయాన్ని డీటీపీ సెంటర్‌లో టైపు చేయించి తెచ్చాడు. పేజీలో అతికిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, కొమ్ములు కలిసి పిచ్చిగీతల్లా వచ్చాయి. అచ్చు పనికి వాడే పాత ఫాంట్లు తెలుగు అక్షరం బొమ్మను ఇంగ్లిషు అక్షరం కోడ్ మీద కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో కింది కోడే బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగు అక్షరాలకు విడిగా సొంత స్థానాలున్నాయి, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉన్నాయి. కాబట్టి వెబ్‌సైట్ రాత యూనికోడ్‌లోనే ఉండాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొట్టేదంతా యూనికోడే, భయం లేదు. ఫైలు మొదట్లోనే యూటీఎఫ్-8 అని, భాష తెలుగు అని చెప్పే రెండు చిన్న గుర్తులు పెట్టాలి. భాష గుర్తు ఉంటే చూపులేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా తెలుగును తెలుగులా చదవడానికి వీలవుతుంది. మండలి, రామభద్ర, సురవరం లాంటి చక్కటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్ల కోసం పేరును ఉర్దూలో కూడా పెట్టాలనుకుంటే ఆ వాక్యానికి కుడి నుంచి ఎడమకు అన్న గుర్తు విడిగా ఇవ్వాలి. లేకపోతే చుక్కలు, కామాలు తప్పుచోట పడతాయి. నస్తాలిఖ్ రాతకు నోటో నస్తాలిఖ్ ఉర్దూ అన్న ఫాంటు ఉంది.

ఫొటోలతో వచ్చే తలనొప్పి ఇంకోరకం. ఇంట్లో కంప్యూటర్‌లో ఫొటో కనిపిస్తుంది, నెట్‌లో పెట్టగానే మాయమవుతుంది. నూటికి తొంభై సార్లు కారణం ఫైలు పేరే. మన విండోస్ కంప్యూటర్ పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిషు అక్షరాలకు తేడా చూడదు, హోస్టింగ్ కంప్యూటర్లు చాలావరకు చూస్తాయి. అందుకే ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడి అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టాలి. ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది, దాన్ని రెండు మూడు వందల కేబీలకు తగ్గించాకే ఎక్కించాలి. లేకపోతే నెట్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్లో పేజీ తెరుచుకునేలోపు చూసేవాళ్లు వెళ్లిపోతారు.

పేజీలో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. ఆధార్ కాపీ, సర్టిఫికెట్ల స్కాన్లు, పుట్టినతేదీ, ఇంటి పూర్తి చిరునామా, పిల్లల ఫొటోలు వద్దు. మా విద్యార్థుల్లో ఒకరు ఉద్యోగం కోసమని మార్కుల జాబితా మొత్తం పెట్టేశారు, తీయించాం. ఆడపిల్లలైతే వ్యాపారానికి వేరే నంబరు తీసుకోవడం మేలు. చిరునామా ముందు తాళం గుర్తు కోసం డబ్బు అడిగేవాళ్లు ఎదురైతే ఒకసారి ఆగండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సేవ ఆ సర్టిఫికెట్‌ను ఉచితంగానే ఇస్తుంది. చాలా హోస్టింగ్ సేవలు దాన్ని వాటంతటవే అమర్చి పెడతాయి.

ఆపా సంగతికి వస్తే, పాత పేరు ఇక రాలేదు. పోయిన పేజీల్లోని రాతలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి, ఫొటోలు సగానికి పైగా దొరకలేదు. ఖాతాదారుల ఫోన్లలో ఉన్న పెళ్లి ఫొటోలు అడిగి తెప్పించుకున్నారు. కొత్త పేరు తన మెయిల్‌తో, తన చేత్తో రిజిస్టర్ చేసుకున్నారు. మేము పక్కన కూర్చున్నామంతే. మొదటి పేజీ రాయడానికి ఆమెకు నాలుగు ఆదివారాలు పట్టింది. గేటు బోర్డు మీద పాత చిరునామాకు రంగు వేయించి, పైన కొత్తది రాయించారు. రెండేళ్లకు డబ్బు ముందే కట్టేశారు. పాస్‌వర్డు, రెన్యూవల్ తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి, కుట్టుమిషన్ సొరుగులో కాకుండా బీరువాలో పెట్టారు. సైటు మొత్తం కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వాళ్ల అబ్బాయి కంప్యూటర్‌లో ఉంది.