అరకు ఘాట్ దిగే ముందు చక్రం విప్పితే

దువ్వాడ నుంచి పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు వెళ్లే దారి బొడ్డవర దాటాక కొండెక్కుతుంది. ఎక్కేటప్పుడు కష్టమంతా ఇంజనుది, దిగేటప్పుడు బ్రేకులది. మనుషులతో, సామానుతో రెండు టన్నులు తూగే ఎస్‌యూవీని 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 5 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే బండి వెయ్యి మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 2 కోట్ల జౌళ్లు. అంటే ఆ వేగం నుంచి నలభై సార్లు ఆపినంత వేడి! గేరు తగ్గించి ఇంజనుకు కొంత వంతు ఇవ్వకపోతే అదంతా డిస్కులూ డ్రమ్ములే భరించాలి. 2021 ఫిబ్రవరిలో ఇదే ఘాట్‌లోని డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయినప్పుడు మొదట వినిపించిన అనుమానం కూడా బ్రేకుల మీదే.

బ్రేకులు మెరుగుపరచాలనుకోగానే చూపు రంధ్రాలు పొడిచిన పెద్ద డిస్కుల మీదికి పోతుంది. నిజానికి మొదట పట్టించుకోవాల్సింది బ్రేక్ ఆయిల్‌ని.

ఈ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. విశాఖ లాంటి సముద్రతీరంలో చెమ్మకు కొదవ లేదు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్‌లో ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ వేడెక్కి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమని చెప్పేది అందుకే. మాన్యువల్ ఒప్పుకుంటే డాట్ 4 బదులు 260, 180 డిగ్రీల హద్దులున్న డాట్ 5.1 పోసుకోవచ్చు. అన్నిటికంటే చవకైన అప్‌గ్రేడ్ ఇదే. పేరు దగ్గరగా ఉంది కదా అని డాట్ 5 మాత్రం పోయకూడదు. అది సిలికాన్ రకం, మిగతా వాటితో కలవదు.

ఇక ప్యాడ్లు. అల్లాయ్ చక్రం సందుల్లోంచి తొంగి చూసి ‘ఇంకా మందంగానే ఉన్నాయి’ అనుకోవడం ప్రమాదం. అక్కడ కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. చాలా బండ్లలో పిస్టన్ లోపలివైపే ఉంటుంది. క్యాలిపర్ జారే పిన్నులకు దుమ్ము, తుప్పు పట్టి బిగుసుకుంటే బయటి ప్యాడ్ ఏడు మిల్లీమీటర్లు ఉండగానే లోపలిది రెండుకు అరిగిపోతుంది. మూడు మిల్లీమీటర్లకు వచ్చాయంటే ప్యాడ్లు మార్చాల్సిందే. పిన్ను బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, వేలితో తిప్పితే గరుకుదనం వెంటనే తెలుస్తుంది. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేకుల కోసం తయారుచేసిన సిలికాన్ గ్రీజే వాడాలి. వర్షం పడిన మర్నాడు డిస్కు మీద కనిపించే పల్చని తుప్పుకు కంగారు అక్కర్లేదు, నాలుగైదు బ్రేకులకు పోతుంది.

పని చదునైన గచ్చు మీద చేయాలి. వీల్ నట్లు బండి నేలమీద ఉండగానే వదులు చేసి, మిగతా చక్రాలకు అడ్డాలు పెట్టి, జాకీతో లేపాక స్టాండు మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి చెయ్యి పోనివ్వకూడదు. విప్పిన క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టాలి. బ్రేకు దుమ్మును గాలితో ఊదడం ఊపిరితిత్తులకు చేటు, తడిగుడ్డతో తుడవాలి.

బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు ఇంకో మెలిక. అమెరికా వీడియోలు కుడి వెనుక చక్రంతో మొదలుపెట్టమంటాయి. మన బండ్లలో డ్రైవరు, మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటాయి కాబట్టి దానికి అన్నిటికంటే దూరం ఎడమ వెనుక చక్రం. మాన్యువల్ వేరే వరస చెబితే దానిదే చివరి మాట. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకున్న వెనుక చక్రాలకు స్కానర్ కావాలి. అది వర్క్‌షాపు పని.

బొలెరో, స్కార్పియో క్లాసిక్, ఇన్నోవా క్రిస్టాల వెనుక డ్రమ్ములే ఉంటాయి. వాటిని డిస్కులుగా మార్పించాలని ఉబలాటపడేవారు ఒకటి ఆలోచించాలి. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది, ఎక్కువ పని ముందు చక్రాలే చేస్తాయి. కంపెనీ ఏబీఎస్‌ను సరిచూసింది ఆ డ్రమ్ముల లెక్కతోనే. పైగా ఏబీఎస్ పనిచేసేంత గట్టిగా బ్రేకులు ఇప్పటికే పడుతుంటే, ఆపేది ఇక టైరు పట్టే. పెద్ద డిస్కు వేడిని తట్టుకుంటుంది గానీ ఆగే దూరాన్ని తగ్గించదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టానికి మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది.

కొత్త ప్యాడ్లు వేశాక బండి కదపకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి. లేకపోతే మొదటి బ్రేకు శూన్యమే. తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద యాభై నుంచి పదికి మెత్తగా వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఏడెనిమిదిసార్లు తిప్పితే ప్యాడ్లు డిస్కుకు కుదురుకుంటాయి. ఇంటికొచ్చాక వీల్ నట్లు, ఆయిల్ మట్టం, బ్లీడ్ స్క్రూల దగ్గర తడి మరోసారి చూసుకుని, ఆ తర్వాతే ఎస్.కోట దారి పట్టాలి.