పది రియాళ్లు పిల్లకు, పింఛను ఇంటికి

ఒమన్‌లో ఒమనీ పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు పది రియాళ్లు ఇస్తున్నారు. ఉన్నోళ్ల పిల్లలా, లేనోళ్ల పిల్లలా అని చూడరు. పద్దెనిమిదేళ్లు నిండే దాకా ఇస్తారు. 2023లో వచ్చిన సామాజిక రక్షణ చట్టం కింద 2024 జనవరి నుంచి ఈ సాయం మొదలైంది. తండ్రి లేని పిల్లలకైతే 80 రియాళ్లు. అంతకుముందు 1984 నాటి చట్టం ప్రకారం ఆదరువు లేని కుటుంబాలకే సాయం అందేది.

మన పిల్లలు మస్కట్‌లోనే పుట్టినా ఈ లెక్కలోకి రారు. అసలు మనలో చాలామంది పిల్లలు ఇక్కడ లేనే లేరు. జగిత్యాలలోనో కడపలోనో అమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో పెరుగుతున్నారు. ఇక్కడి నుంచి డబ్బు పోతున్నంత కాలం ఫర్వాలేదు. పంపేవాడే పోతే?

రూవీలో కలిసిన నిజామాబాద్ మేస్త్రీ ఒకాయన్ని కదిలించాం. "తమ్ముడు 2021ల పోయిండు సార్. మరదలికి పింఛను వస్తది. పిల్లలు ముగ్గురు, పింఛను మాత్రం ఒక్కటే గద" అన్నాడు.

నిజమే. తెలంగాణలో ఆసరా కింద వితంతు పింఛను 2014లో వెయ్యి రూపాయలు, 2019లో 2,016 అయింది. ఒక్క పిల్లకు ఇక్కడిచ్చే పది రియాళ్లు మన డబ్బుల్లో ఇంచుమించు అంతే! పింఛను తల్లి పేరు మీద వస్తుంది, ఇంట్లో ఎందరు పిల్లలున్నారో దానికి పట్టదు. 2014లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి అది పెరిగింది ఒక్కసారే. ఇలాంటి ఇళ్లల్లో పిల్లల చదువు ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

ఆంధ్రాలో 2020లో వచ్చిన అమ్మ ఒడి కూడా తల్లికి ఒక్కటే లెక్క. 2025లో తల్లికి వందనం వచ్చాక చదివే ప్రతి బిడ్డకూ 15,000 అన్నారు. అందులో 2,000 బడి నిర్వహణకు పోతుంది. ఎంతైనా మా దృష్టిలో ఇదే సరైన పద్ధతి.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. అయితే 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకే. మేస్త్రీ తమ్ముడి ఇంటికి అది రాదు.

ఆ ఇంటికి దారి ఇంకొకటి ఉంది. కేంద్రం మిషన్ వాత్సల్య కింద, తండ్రి లేని పేద పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు 4,000 ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఈ మాట చెబితే మేస్త్రీ "గదేంది సార్? మాకెవలు చెప్పలే" అన్నాడు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. తండ్రి మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, ఆదాయ పత్రం దగ్గర పెట్టుకోవాలి. మేస్త్రీ అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ కలిపాడు. "బిడ్డా, మీ నాయిన కాయితాలు ఏ పెట్టెల ఉన్నయో జర చూడు" అంటున్నాడు.