తులాంబెన్ తీరంలోని ‘లిబర్టీ’ నౌకావశేషం: స్కూబా దర్శనం – పరిరక్షణ సమస్యలు

వ్యాససంగ్రహం:
ఇండోనేషియాలోని బాలి ద్వీపపు ఈశాన్య తీరాన తులాంబెన్ అనే చిన్న గ్రామం ఉంది. దాని ఎదుట, ఒడ్డుకు అతి సమీపంలో, అమెరికా సైన్యానికి చెందిన ‘లిబర్టీ’ అనే సరకుల ఓడ మునిగి ఉంది. రెండో ప్రపంచయుద్ధం, అగ్నిపర్వత విస్ఫోటనం, పగడాల పెరుగుదల, స్కూబా పర్యాటకం అనే నాలుగు ప్రక్రియలు ఈ ఒక్క అవశేషంలో కలుస్తాయి. ఈ ఓడ చరిత్రనూ, దానిని చూడటానికి నీటిలోకి దిగేవారిపై పనిచేసే భౌతిక నియమాలనూ, ఇనుము క్షయమయ్యే తీరునూ వివరించి, సందర్శకుల రాకపోకలు ఇటువంటి అవశేషానికి రక్షణా, ముప్పా అనే ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నౌకావశేషం, స్కూబా, తులాంబెన్, జలాంతర్గత వారసత్వం, పగడాలు, తుప్పు, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
భూమిపై ఉన్న శిథిలాలను చూడటానికి కాలినడక చాలు. సముద్రగర్భంలోని శిథిలాలు శతాబ్దాల తరబడి జాలర్ల వలలకూ, ముత్యాల కోసం మునిగేవారికీ తప్ప సామాన్యంగా మరెవరికీ అందలేదు. 1943లో ఫ్రాన్సులో జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ రూపొందించిన ‘ఆక్వాలంగ్’ పరికరం ఈ స్థితిని మార్చింది. వీపున మోసుకుపోయే సిలిండరులోని గాలిని, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానమైన పీడనంతో నోటికి అందించడం దాని ప్రత్యేకత. ఆ తరువాతి దశాబ్దాలలో స్కూబా సామాన్యులకు అందుబాటులోకి రావడంతో, మునిగిన ఓడలు సందర్శనీయ స్థలాలయ్యాయి. దానితోపాటే వాటి సంరక్షణ కూడా సమస్యగా మారింది. లిబర్టీ ఈ మార్పుకు మంచి ఉదాహరణ.

2. ఓడ చరిత్ర:
లిబర్టీని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, కెర్నీ వద్ద నిర్మించి 1918లో జలప్రవేశం చేయించారు. పొడవు సుమారు 125 మీటర్లు. మొదటి ప్రపంచయుద్ధం చివరి రోజులలో అది అమెరికా నౌకాదళంలో పనిచేసింది. యుద్ధానంతరం వాణిజ్య రవాణాలోకి వెళ్లి, 1940లో సైనిక రవాణా కోసం తిరిగి ప్రభుత్వాధీనమైంది.

ఇక్కడ ఒక ప్రచలిత పొరపాటును సవరించవలసి ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ఒకే నమూనాలో, అతి వేగంగా, 2,700కు పైగా సరకుల ఓడలను నిర్మించింది. వాటికి ‘లిబర్టీ ఓడలు’ అని పేరు. తులాంబెన్‌లోని ఓడ ఆ తరగతికి చెందినదని పలువురు భావిస్తారు. ఆ తరగతిలో మొదటిది జలప్రవేశం చేసింది 1941 సెప్టెంబరులో. తులాంబెన్ ఓడ అంతకు 23 ఏళ్ల ముందే పుట్టింది. పేరులోని పోలికే ఈ భ్రమకు కారణం.

1942 జనవరి 11న, రైలుమార్గ సామగ్రినీ రబ్బరునూ మోసుకుని ఆస్ట్రేలియా నుంచి ఫిలిప్పీన్స్‌కు వెళ్తున్న లిబర్టీని లాంబోక్ జలసంధి సమీపంలో జపాన్ జలాంతర్గామి ఐ-166 టార్పెడోతో కొట్టింది. ఓడ వెంటనే మునగలేదు. అమెరికా యుద్ధనౌక పాల్ జోన్స్, డచ్ యుద్ధనౌక వాన్ గెంట్ దానిని బాలి ఉత్తర తీరంలోని సింగరాజా రేవుకు లాగుకుపోయే ప్రయత్నం చేశాయి. లోపలికి నీరు ఎక్కువగా చేరడంతో అది సాధ్యం కాదని తేలి, తులాంబెన్ ఒడ్డున ఓడను మెట్టకు ఎక్కించారు. అందువల్ల సరకును బయటికి తీయగలిగారు.

ఆ యుద్ధపు వేడి తెలుగు తీరాన్నీ తాకింది. లిబర్టీ దెబ్బతిన్న మూడు నెలలకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ రోజులలోనే బంగాళాఖాతంలో పలు వాణిజ్య నౌకలు జపాన్ నౌకాదళం దాడులలో మునిగిపోయాయి. సైనికులు పోరాడిన యుద్ధంలో సరకుల ఓడలే సులభ లక్ష్యాలుగా మారడం ఈ రెండు ఘటనలలోనూ కనిపించే సామ్యం.

3. అగ్నిపర్వతం మార్చిన స్థలం:
లిబర్టీ 21 ఏళ్లపాటు ఒడ్డునే ఉండిపోయింది. తులాంబెన్‌కు వెనుక భాగాన 3,000 మీటర్లకు పైబడిన ఎత్తుతో ఆగుంగ్ అగ్నిపర్వతం ఉంది. అది 1963 ఫిబ్రవరిలో మేల్కొని, మార్చి, మే నెలలలో తీవ్రంగా విస్ఫోటించింది. వెయ్యిమందికి పైగా మరణించారు. అప్పటి భూప్రకంపనల వల్ల ఓడ ఒడ్డు నుంచి జారి, వాలుగా ఉన్న సముద్రపు అడుగుకు చేరింది. ఇప్పుడది పక్కకు ఒరిగి, తీరానికి దాదాపు సమాంతరంగా పడి ఉంది. ఓడ దేహం చాలా చోట్ల విరిగి, తెరుచుకుని ఉంది.

ఈ జారుడు ఓడను సందర్శనకు అనువైన స్థానంలో నిలిపింది. దాని పై భాగాలు సుమారు 5 మీటర్ల లోతులోనే ఉండగా, అడుగు భాగాలు 30 మీటర్ల దాకా దిగుతాయి. పడవ అవసరం లేకుండా, ఒడ్డున ఉన్న నున్నని నల్ల గులకరాళ్ల మీదుగా నడిచి, కొద్ది దూరం ఈదితే ఓడ చేరువవుతుంది. చుట్టూ ఉన్న నల్లని ఇసుక అగ్నిపర్వతం ఇచ్చినదే.

4. నీటిలో మనిషి – భౌతిక నియమాలు:
ఓడను చూడటానికి దిగినవారి సమయాన్ని నిర్ణయించేది పీడనం. ఉపరితలంలో ఒక వాతావరణ పీడనం ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ సుమారు మరొక వాతావరణ పీడనం కలుస్తుంది. 30 మీటర్ల లోతున మొత్తం నాలుగు. ఊపిరితిత్తులను నింపడానికి ఆ లోతున నాలుగింతల గాలి ఖర్చవుతుంది.

దీనిని ఒక లెక్కతో చూపవచ్చు. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనంతో గాలి నింపితే, ఉపరితల పరిమాణంలో 2,400 లీటర్లు. అందులో 50 బార్లు, అంటే 600 లీటర్లు, అత్యవసరానికి మిగల్చాలి. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తికి 10 మీటర్ల లోతున నిమిషానికి 40 లీటర్లు కావాలి. గాలి 45 నిమిషాలు వస్తుంది. అదే వ్యక్తి 30 మీటర్ల లోతున నిమిషానికి 80 లీటర్లు వాడతాడు. గాలి 22 నిమిషాలకే సరిపోతుంది.

రెండో పరిమితి నైట్రోజన్. పీడనం పెరిగేకొద్దీ అది రక్తంలో, కణజాలంలో ఎక్కువగా కరుగుతుంది. వేగంగా పైకి వస్తే, మూత తీసిన సోడా సీసాలో వలె, కరిగిన వాయువు బుడగలుగా విడివడి కీళ్లనూ నాడులనూ దెబ్బతీస్తుంది. అందువల్ల నిమిషానికి 9-10 మీటర్లకు మించని వేగంతో పైకి రావడం, 5 మీటర్ల వద్ద మూడు నిమిషాలు ఆగడం ఆచారమైంది. 30 మీటర్ల లోతున అధిక నైట్రోజన్ మత్తువంటి స్థితిని కూడా కలిగిస్తుంది, నిర్ణయశక్తి మందగిస్తుంది.

లిబర్టీ స్థితి ఈ నియమాలకు అనుకూలంగా ఉంది. ముందుగా లోతైన భాగాన్ని చూసి, క్రమంగా పై భాగాలకు రావచ్చు. 5 మీటర్ల వద్ద ఆగవలసిన సమయాన్ని కూడా పగడాలను చూస్తూ గడపవచ్చు. అయితే ఓడ లోపలి గదులలో వేరే ప్రమాదం పొంచి ఉంటుంది. అక్కడ తలపై ఇనుప కప్పు ఉంటుంది కనుక నేరుగా పైకి వెళ్లే దారి లేదు. కాలి రెక్కల కదలికకు బురద లేస్తే దారి కనిపించదు. ప్రత్యేక శిక్షణ లేనివారు లోపలికి వెళ్లరాదనే నియమానికి ఇదే ఆధారం.

5. ఇనుము, పగడం, జీవజాలం:
ఉష్ణమండల సముద్రంలో గట్టి ఆధారం దొరకడం జీవులకు పెద్ద భాగ్యం. ఇసుక నేలపై నిలవలేని పగడపు శిశువులు ఇనుప పలకలకు అతుక్కుని పెరుగుతాయి. స్పంజికలు, సముద్రపు విసనకర్రలు వాటి పక్కన చేరతాయి. ఆశ్రయం కోసం చేపలు వస్తాయి. లిబర్టీ వద్ద గుండ్రంగా తిరిగే వెండి రంగు చేపల గుంపులు, రాత్రి ఓడలో నిద్రించి తెల్లవారుజామున బయలుదేరే పెద్ద తలబుడిపె చిలుక చేపలు ప్రసిద్ధం.

ఈ జీవులు ఓడకు కవచం కూడా. ఉప్పునీటిలో ఇనుము తుప్పు పట్టడానికి ఆక్సిజన్ కావాలి. పగడాలు, సున్నపు పొరలు ఇనుమును కప్పినప్పుడు ఆక్సిజన్ చేరడం తగ్గి, క్షయం మందగిస్తుంది. పొర విరిగిన చోట మళ్లీ వేగం పుంజుకుంటుంది. లంగరు, పట్టుకున్న చేయి, తగిలిన కాలిరెక్క పగడాన్ని విరిస్తే నష్టం పగడంతో ఆగదు. కింది ఇనుముకూ చేరుతుంది. ఓడ లోపల ఊపిరి విడిచినప్పుడు బుడగలు పైకప్పుకింద చేరి గాలి గుంటలవుతాయి. ఆ వాయువులో ఇంకా మిగిలి ఉన్న ఆక్సిజన్ అక్కడి ఇనుమును తినేస్తుంది. మనిషి శ్వాస కూడా శిథిలంపై ఒక చర్యే.

6. సందర్శకులు: ముప్పా, కాపలా?
పై వివరణను బట్టి సందర్శకులను ఆపడమే మేలని తోచవచ్చు. అదే దేశపు సముద్రంలోని మరొక ఉదాహరణ ఈ తీర్పును సంక్లిష్టం చేస్తుంది. 1942 ఫిబ్రవరి 27న జావా సముద్ర యుద్ధంలో డచ్ యుద్ధనౌకలు డి రౌటర్, జావా, కోర్టెనార్ మునిగాయి. 2002లో వాటి స్థానాన్ని కనుగొన్నారు. 2016లో, 75వ స్మారక సందర్భానికి ముందు వెళ్లిన బృందానికి మొదటి రెండూ అక్కడ లేవని, మూడోదానిలో పెద్ద భాగం పోయిందని తేలింది. ఇనుము కోసం అక్రమంగా వాటిని ఎత్తుకుపోయినట్లు నిర్ధారణకు వచ్చారు. అవి వందలాది నావికుల సమాధులు. తీరానికి దూరంగా, ఎవరూ చూడని చోట ఉండటమే వాటి దురదృష్టమైంది.

తులాంబెన్‌లో పరిస్థితి వేరు. గ్రామంలోని స్త్రీలు సిలిండర్లను తలపై మోసి ఒడ్డుకు చేరుస్తారు. మార్గదర్శకులు, వసతి గృహాలు, భోజనశాలలు ఓడపైనే ఆధారపడతాయి. ఓడ ఊరికి జీవనాధారం కనుక ఊరు దానికి కాపలా. అయితే ఈ రక్షణకూ హద్దుంది. 1941 అక్టోబరు 6న ఎర్ర సముద్రంలో మునిగిన బ్రిటిష్ సరకుల ఓడ తిసిల్‌గార్మ్‌కు సందర్శక పడవలు తాళ్లను కట్టడంతో ఓడ భాగాలు విరిగిపడ్డాయి. ఒడ్డు నుంచే చేరగల లిబర్టీకి ఈ తాళ్ల ముప్పు తక్కువ; దాని ముప్పు గుంపుల నుంచి వస్తుంది.

చట్టాల దృష్టిలో కాలగణన కూడా సమస్యే. 2001లో యునెస్కో ఆమోదించి, 2009లో అమలులోకి వచ్చిన జలాంతర్గత సాంస్కృతిక వారసత్వ ఒప్పందం కనీసం 100 ఏళ్లు పూర్తిగా గాని పాక్షికంగా గాని నీటిలో ఉన్నవాటికి వర్తిస్తుంది. లిబర్టీకి ఆ వయసు 2042లో వస్తుందా, 2063లో వస్తుందా అన్నది, ఒడ్డున గడిపిన 21 ఏళ్లలో అది ఎంతమేరకు నీటిని తాకి ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. ఇండోనేషియా 2010లో చేసిన 11వ సంఖ్య చట్టం 50 ఏళ్ల వయసును ప్రాతిపదికగా తీసుకుంటుంది; నీటిలోని వస్తువులనూ పరిగణిస్తుంది. నిర్మాణ సంవత్సరం నుంచి లెక్కిస్తే లిబర్టీ ఆ వయసును 1968లోనే దాటింది. పలుచని ఇనుప పలకల ఓడకు శతాబ్దం చాలా పెద్ద గడువు. చట్టరక్షణ లభించే నాటికి రక్షించవలసినది మిగలకపోవచ్చు.

యునెస్కో ఒప్పందంలోనే ఈ చిక్కుకు ఒక దారి ఉంది. అవశేషాన్ని ఉన్నచోటనే పరిరక్షించడాన్ని అది ప్రథమ మార్గంగా చెబుతుంది. హాని కలిగించని, బాధ్యతాయుతమైన సందర్శనను ప్రోత్సహించాలనీ అంటుంది. చూడటం, కాపాడటం పరస్పర విరుద్ధాలు కావని దీని అంతరార్థం.

7. ముగింపు:
పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

- లిబర్టీ నేటి స్థితికి యుద్ధమొక్కటే కారణం కాదు. 1942 నాటి టార్పెడో దానిని ఒడ్డుకు చేర్చింది. 1963 నాటి అగ్నిపర్వతం నీటిలోకి దించింది.
- ఓడ పడి ఉన్న లోతు, వాలు స్కూబాకు సంబంధించిన పీడన నియమాలకు అనుకూలించడం వల్లనే అది విస్తృత సందర్శనకు అనువైంది.
- పగడపు పొర ఓడకు అలంకారం మాత్రమే కాదు, రక్షణ కూడా. దానిని తాకకపోవడం జీవజాలానికీ చరిత్రకూ ఒకేసారి చేసే మేలు.
- జావా సముద్రంలోని నౌకలు ఎవరి కంటా పడక మాయమయ్యాయి. తిసిల్‌గార్మ్ ఎక్కువమంది కంటపడి దెబ్బతిన్నది. సందర్శకుల సంఖ్యకూ ప్రవర్తనకూ హద్దులు ఉన్నప్పుడే చూపు కాపలా అవుతుంది.
- ఇనుప ఓడల విషయంలో వందేళ్ల ప్రమాణం ఆలస్యమైన రక్షణ. అంతవరకు కొలతలు, ఛాయాచిత్రాలు, పటాల ద్వారా వాటిని నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.

నదుల ఒండ్రుతో నీరు మసకబారే ఆంధ్ర తీరంలో తులాంబెన్ వంటి సందర్శన తేలిక కాదు. అయినా 1942లో బంగాళాఖాతంలో మునిగిన సరకుల ఓడలు కూడా ఆ యుద్ధపు సాక్ష్యాలే. వాటి ఇనుము కూడా అదే ఉప్పునీటిలో కరుగుతోంది. వాటిని గుర్తించి నమోదు చేసే పనికి తెలుగునాట చరిత్ర, సముద్ర విజ్ఞాన శాఖలు కలిసి పూనుకోవడానికి లిబర్టీ అధ్యయనం ప్రేరణ కాగలదు.