పరదేశపు తరగతి గదిలో

పిల్లవాడో, పిల్లో ఆరునెలల చదువుకు పరదేశం బయలుదేరితే మన ఇళ్ళల్లో హడావుడంతా పెట్టె చుట్టూనే వుంటుంది. చలికోటు కొన్నారా, ఆవకాయ సీసా కారదు గదా అని! అసలు పరీక్ష అక్కడ తరగతి గదిలో ఎదురవుతుంది.

ఇక్కడి కళాశాల పట్టికలో పేరు వుంచుకొనే, మరో దేశంలో ఒక సెమిస్టరు చదివి వచ్చేవారిని మార్పిడి విద్యార్థులంటారు. రెండు విద్యాలయాల మధ్య ఒప్పందం వుంటుంది గనుక చదువు ఫీజు సాధారణంగా ఇక్కడే కడతారు. ఐరోపాలో ఈ పద్ధతికి ఊపు తెచ్చింది 1987లో పుట్టిన ఎరాస్మస్ పథకం. మొదటి ఏడు 11 దేశాలలో కలిపి 3,244 మంది వెళ్ళారు. తరువాత మనవంటి దూరదేశాలవారికీ దాని తలుపు తెరుచుకున్నది.

జర్మనీ సంగతే చూడండి. శీతకాలపు సెమిస్టరు సాధారణంగా అక్టోబరు 1న మొదలవుతుంది గాని, పాఠాలు చాలాచోట్ల ఆ నెల మధ్యకు గాని ఆరంభం కావు. కాలపట్టికలో 10 గంటలని వేసి, పక్కన 'సి.టి.' అని వుంటే పాఠం 10-15కు అన్నమాట. 'వ్యవధితో' అనే లాటిన్ మాటలకు అవి పొడి అక్షరాలు. పాఠం ముగియగానే అందరూ పిడికిళ్ళతో బల్లలు టకటక కొడతారు. కొత్తవాడు అల్లరి అనుకోనక్కరలేదు. అది ఆచార్యులవారికి చేసే మర్యాద! మార్కులూ తలకిందులే. 1 వస్తే శ్రేష్ఠం, 5 వస్తే తప్పినట్టు. "నాన్నగారూ, నాకు ఒకటి వచ్చింది" అని ఫోను వస్తే ఇంట్లో పాయసం వండుకోవచ్చు.

ఇవన్నీ పదిరోజుల్లో అలవడతాయి. త్వరగా అలవడనిది స్వేచ్ఛ. ఉపన్యాసాలకు చాలాచోట్ల హాజరు పిలవరు. వారానికి నాలుగు గంటల పాఠం చూసి "ఇంతేనా!" అనిపిస్తుంది. కాస్త లెక్క వేయండి. ఐరోపాలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల శ్రమ. 6 క్రెడిట్ల సబ్జెక్టుకు తక్కువలో తక్కువ 150 గంటలు కావాలి. వారానికి 4 గంటల చొప్పున 15 వారాలు విన్నా అయ్యేవి 60 గంటలే. మిగిలిన 90 గంటలూ ఎవరూ చెప్పకుండా తనంత తానే కూర్చుని చదవాలి. అవి ఏ కాలపట్టికలోనూ కనబడవు. పరీక్షకు కూడా చాలాచోట్ల పేరు విడిగా నమోదు చేసుకోవాలి. గడువు దాటితే, పాఠాలన్నీ విన్నవాడికి కూడా ఆ తడవ పరీక్ష వుండకపోవచ్చు.

అక్కడికి వెళ్ళాక సబ్జెక్టు మారిస్తే, ఒప్పంద పత్రంలో దిద్దించి ఇరుపక్షాల సంతకాలూ వెంటనే తీసుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చాక ఆ క్రెడిట్లు ఇక్కడ లెక్కలోకి రావటం కష్టమవుతుంది. సెమిస్టరు కష్టమంతా వృథా.

ఇంకొక్క సంగతి. గురువు ముందు మౌనం వినయమని మన పిల్లలకు నేర్పాము. చర్చ కోసమే పెట్టిన చిన్న తరగతులలో ఆ మౌనానికి అక్కడివారు వేరే అర్థం తీసుకుంటారు: పిల్లవాడు చదివి రాలేదనుకుంటారు. మాట తడబడినా సరే, మొదటివారంలోనే ఒక ప్రశ్న అడిగినవాడికి రెండోవారం బెరుకు సగం తీరుతుంది.

కనుక తల్లులారా, తండ్రులారా! ఫోనులో "అన్నం తిన్నావా?" అని తప్పక అడగండి. ఆ వెంటనే, "ఈ వారం క్లాసులో ఏమడిగావు?" అని కూడా అడగండి.