నా బరువు మోసే సైకిలు కావాలి!

"మీ బరువెంతమ్మా?" అని ఎవరైనా అడిగితే మనలో ఎంతమందిమి ఉన్నదున్నట్టు చెబుతాం? నేనైతే పది కిలోలు తగ్గించి చెప్పడం ఎప్పుడో అలవాటు చేసుకున్నాను. మా వారికి కూడా అసలు అంకె తెలీదు. అలాంటిది ఈమధ్య ఓ సైకిల్ రిపేరు కొట్టు ముందు, నలుగురు మగాళ్ళు వింటుండగా "తొంభై నాలుగు" అని పైకి చెప్పాల్సి వచ్చింది!

మాది తెనాలి. అమ్మ పెదరావూరులో ఒంటరిగా ఉంటోంది. నాన్న పోయినా ఆ ఇల్లు వదిలి రానంటుంది. రోజూ క్యారేజీ పట్టుకెళ్ళి, ఆవిడ తిన్నాక తిరిగొస్తాను. ఆటోల ఖర్చు లెక్కేస్తే గుండె గుభేల్మంది. స్కూటీ నాకు రాదు (నేర్చుకోబోయి కాలవలోకి దించాను, ఆ కథ ఇంకోసారి). మీ మోకాళ్ళకి నడక కన్నా సైకిలే నయం అని డాక్టరమ్మ కూడా అనేసరికి కొత్త లేడీస్ సైకిలు కొన్నాం.

మూడు నెలల్లో వెనక చక్రం స్పోకులు నాలుగుసార్లు తెగాయి. నా తొక్కుడు కూడా నాజూకు తొక్కుడు కాదు లెండి. గుంత వచ్చినా దిగను, వంతెన ఎక్కేటప్పుడు పెడల్ మీద లేచి నిలబడి తొక్కుతాను. ఓ మధ్యాహ్నం సీటు గొట్టం అడుగున, వెల్డింగు పక్కన, వెంట్రుకంత బీట కనిపించింది. అమ్మిన కొట్టుకి తీసుకెళ్తే ఆయన బీటని చూడలేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సైకిల్లో లోపమేం లేదమ్మా" అన్నాడు. మరి లోపం ఎక్కడుందో విడమర్చి చెప్పక్కర్లేదుగా! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు మా వీధి చివర రిపేరు మేస్త్రి దగ్గరకెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి. టైలరు కొలత అడిగినంత మామూలుగా బరువు అడిగాడు. చెప్పాను. "ఓస్, అంతేనా! బస్తా బియ్యాన్నీ, దాని ముందు మనిషినీ మోసిన సైకిళ్ళున్నాయమ్మా మన ఊళ్ళో. పాత ఫ్రేము వెతుకుదాం. కానీ లేడీస్‌ది వద్దు" అన్నాడు.

ఎందుకని అడిగితే నేల మీద సుద్దతో గీసి చూపించాడు. మగాళ్ళ ఫ్రేములో పై బారు, కింది గొట్టం, సీటు గొట్టం కలిసి ఇంచుమించు త్రికోణం అవుతాయి. త్రికోణం ఓ పట్టాన వంగదు. చీరకీ గౌనుకీ అడ్డం రాకూడదని ఆడవాళ్ళ సైకిల్లో ఆ బారుని కిందికి దించేశారు. దాంతో బలం తగ్గింది. గట్టిగా తొక్కితే ఫ్రేము మెలి తిరుగుతుంది. మన సౌకర్యం కోసమే తీశారనుకోండి... అయినా నాకు కాస్త ఒళ్ళు మండింది.

ఒకప్పుడు పెళ్ళికొడుకులు అలిగి మరీ పుచ్చుకున్న ర్యాలీలు, 1949లో మద్రాసులో మొదలైన టీఐ వాళ్ళ హెర్క్యులెస్‌లు, 2020లో ఉత్పత్తి ఆగిపోయిన అట్లాస్‌లు - ఇలాంటి పాత సైకిళ్ళకి గొట్టాల్ని ఉక్కు తొడుగుల్లో దూర్చి, ఇత్తడి కరిగించి అతికేవారట. అలాగని పాతదైతే చాలు, గట్టిదే అనుకోకండి. మూడు ఆదివారాలు తెనాలి, గుంటూరు పాత ఇనుము కొట్లన్నీ తిరిగాం. మేస్త్రి జేబులో ఓ అయస్కాంతం, దారపు ఉండ!

మొదటిది నిగనిగలాడుతోంది. నేను మురిసిపోయాను. జాయింటు పక్కన అయస్కాంతం పెడితే అంటుకోలేదు. లప్పం పూసి పైన రంగేశారు! రెండోదానికి హ్యాండిల్ కింద, వాలు గొట్టం అడుగున వేలు పెట్టి తడమమన్నాడు. చిన్న బొడిపె తగిలింది. "దేన్నో గుద్దిన బండి" అని పక్కన పడేశాడు. ఇంకోదాని సీటు గొట్టంలోకి టార్చి వేస్తే లోపలంతా తుప్పు.

చివరికి గుంటూరులో, మంచం కోళ్ళ కింద దొరికింది - పాలమ్మిన సైకిలు. రెండు బార్ల ఫ్రేము. పేరు బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది, ఏ కంపెనీయో తెలీదు. మేస్త్రి వెనక చక్రం బిగించే చోట దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకి లాగి కట్టాడు. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఎంతెంత దూరంలో ఉందో కొలిచాడు. సమానం! వంకర లేదన్నమాట. పద్నాలుగు వందలు.

వెనక చక్రానికి నలభై, ముందుకి ముప్ఫైరెండు స్పోకులు కొత్తవి వేయించాం. ఫ్రేము ఎంత గట్టిదైనా ముందు తెగేవి అవే. పాత ఊచ బ్రేకులు వానలో సరిగ్గా పట్టవు, చినుకు పడితే నెమ్మదిగా పోవాల్సిందే.

"మగాళ్ళ సైకిలెక్కుతావుటే?" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. చిన్నప్పుడు అద్దె సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కినదాన్ని, నాకేం భయం! చుడీదార్ వేసుకుని రెండు రోజులు సందులో ప్రాక్టీసు చేశాను. ఏడు నెలలైంది. ఒక్క స్పోకూ తెగలేదు.

మొదటిరోజు పెదరావూరు వెళ్ళినప్పుడు అమ్మ క్యారేజీ సంగతే పట్టించుకోలేదు. మెల్లగా మెట్లు దిగొచ్చి బారు మీద చెయ్యేసి నిమిరింది. "మీ నాన్న నన్ను ఇలాంటి బారు మీదే కూచోబెట్టుకుని తెనాలి సినిమాకి తీసుకెళ్ళేవారు" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.