వార్తాపఠనము – విద్యార్థుల వ్యాసరచన

నల్లగొండ, పాలమూరు సీమల యువజనులకు వ్యాసరచన నేడు బడిలోని యొక పాఠముగ మాత్రమే నిలువక, బ్రదుకుతెరువునకు ద్వారమైనది. తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషను వారి గ్రూపు-1 ప్రధానపరీక్షలో సామాన్యవ్యాసమునకు ప్రత్యేకముగ ఒక పత్రము కలదు. దానికి 150 మార్కులు. దానికై మన పల్లెల బిడ్డలెందరో హైదరాబాదు చేరి, అశోకనగరపు ఇరుకు గదులలో ఏండ్లకేండ్లు గడుపుచున్నారు. వారి వెనుక నిలిచి ఖర్చు భరించువారు మెట్టసేద్యము చేయు తండ్రులు. ఒకడు ఎకరము అమ్మును, మరియొకడు అప్పు చేయును. ఇంతటి త్యాగమునకు ఫలముగ ఆ బిడ్డలు నేర్చుచున్నదేమని విచారించుట మన కర్తవ్యము.

వారిలో పెక్కుమంది నేర్చుచున్నది సిద్ధవ్యాసములను వల్లె వేయుట. విషయము నీరైనను వలసయైనను, వ్యాసపు నడక ఒక్కటే. మొదట ఒక నిర్వచనము, పిదప ఒక మహనీయుని సూక్తి, నడుమ కొన్ని అంకెలు, కడపట "ప్రభుత్వమును ప్రజలును చేయి చేయి కలిపి కృషి చేయవలెను" అను వాక్యము. ఈ వాక్యమునకు ఎదురు చెప్పువాడు లోకమున లేడు. ఎవ్వరును ఎదురు చెప్పలేని వాక్యమును వ్రాసినను ఒకటే, వ్రాయకున్నను ఒకటే. దానివలన వ్రాసినవాని బుద్ధి యెట్టిదో పరీక్షకునకు తెలియదు, విషయము పాఠకునకు తెలియదు.

ఈ జాడ్యమునకు మందు దూరమున లేదు. ప్రతి యుదయమును మన గడప తొక్కు వార్తాపత్రికలోనే యున్నది. అయితే వార్తను కంఠస్థము చేయుట వేరు, వార్తను విచారించుట వేరు. మన పాఠకులలో భూవసతి గలవారు దీనిని సులభముగ గ్రహింపగలరు. పొలము కొనువాడు అమ్మువాని మాట నమ్మి సొమ్ము చెల్లించునా? పహాణీ చూచును, హద్దులు త్రొక్కును, కబ్జాలో ఎవరున్నారని పొరుగువారిని అడుగును, అప్పులేమైన నున్నవేమో కనుగొనును. రెండెకరముల చెలక విషయమున మనము చూపు ఈ జాగ్రత్తను దేశవ్యవహారముల విషయమున మన పిల్లలకు నేర్పకుండుట వింత గాదా?

ఈ విద్య మనకు క్రొత్తదియు కాదు. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములను నాలుగుగ విభజించిరి. వార్త శబ్దప్రమాణము. చెప్పినవాడు విషయము నెరిగినవాడును సత్యవాదియును అయినప్పుడే అది ప్రమాణమగును. ఇక వాదమున మొదట పూర్వపక్షమును, అనగా ఎదుటివాని వాదమును, అతడే మెచ్చునంత బలముగ చెప్పి, ఆ తరువాతనే సిద్ధాంతమును స్థాపింపవలెనని మన పెద్దల మర్యాద. ఈ రెండు సూత్రములు చాలును. వ్యాసరచనకు ఇంతకు మించిన పాఠ్యక్రమము అక్కరలేదు.

పాలమూరు బిడ్డ చూపిన మార్గము

1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడెను. 1926లో హైదరాబాదునుండి గోలకొండ పత్రిక వెలువడెను. రెండవదానిని నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు సీమలో జన్మించినవారు. తెలంగాణమున కవులు లేరని ఆ దినములలో ఒకరు వ్రాయగా చదివినవారికి ఆగ్రహము కలుగుట సహజము. ప్రతాపరెడ్డిగారు ఆగ్రహమును కార్యముగ మార్చిరి. ఊరూరినుండి పద్యములను రప్పించి, 354 మంది కవుల రచనలను చేర్చి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. "లేరు" అను మాటకు "ఉన్నారు" అని కేకవేయుట ప్రత్యుత్తరము గాదనియు, ఎవరున్నారు, ఎచ్చటనున్నారు, ఏమి వ్రాసిరి అని చూపుటయే ప్రత్యుత్తరమనియు ఆ సంచిక నిరూపించెను. నేటి విద్యార్థికి దీనికంటె మంచి ఆదర్శము దొరకదు. నాటి వార్తయే ఆయనకు వ్యాసవిషయము. ఆయన సేకరించిన సాక్ష్యమే వ్యాసము.

"సున్న" అను మాటకు అర్థము

ఇప్పుడు మన యింటి విషయమునే పరీక్షకు పెట్టి చూతము. నల్లగొండ జిల్లా నీటిలోని ఫ్లోరైడు దోషమును ఎరుగనివారు లేరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతములలో పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, నడుములు బిగిసిన జనుల దైన్యము తరతరములుగ మనము చూచినదే. నిజాము రాజ్యపు తూర్పు జిల్లాలలో ఈ వ్యాధి కలదని వైద్యులు 1940ల దశకముననే గుర్తించిరి. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటినుండి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970ల దశకమున రూపొందించిరి. ఆ పద్ధతికి "నల్లగొండ పద్ధతి" యనియే పేరు. ఆఫ్రికాఖండమున టాంజానియా, ఇథియోపియా దేశములవరకు అది వ్యాపించెను. మన ఊరి పేరు ప్రపంచమున ప్రసిద్ధమైనది గాని, అది మన బాధవలన వచ్చిన ప్రసిద్ధి.

2015 జూన్ మాసమున చౌటుప్పలునందు పైలాను వెలసినది. మిషన్ భగీరథ పథకముచే కృష్ణాజలములు శుద్ధియై గొట్టముల ద్వారా పల్లెలకు వచ్చినవి. 2015 ఏప్రిలునాటికి రాష్ట్రమున 967గా నున్న ఫ్లోరైడు ప్రభావిత ఆవాసముల సంఖ్య, 2020 ఆగస్టునాటికి సున్నయైనదని కేంద్ర జలశక్తి శాఖ తెలిపినది. ఇది గొప్ప వార్త. మరుసటి దినమున విద్యార్థి దీనిని తన పుస్తకమున "తెలంగాణలో ఫ్లోరైడు సమస్య నిర్మూలనము" అని వ్రాసికొనును. ఇచ్చటనే తప్పు పుట్టుచున్నది.

ఆ వాక్యములో లెక్కింపబడినది ఏమి? ఆవాసములు. మనుష్యులు కారు, బావులును కావు. ఒక పల్లెకు వేరొక మూలమునుండి సురక్షితమైన త్రాగునీరు చేరినచో ఆ పల్లె జాబితానుండి తొలగును. కాని ఆ పల్లె క్రింది రాయి మారలేదు. ఆ రాతినుండి ఫ్లోరైడును గ్రహించు భూగర్భజలమును మారలేదు. కొళాయి నాలుగు దినములు రాకున్న ఆ పల్లెవారు త్రాగునది ఏ నీరు? ఇది మొదటి ప్రశ్న. వంగిన ఎముక క్రొత్త నీటితో తిరిగి చక్కబడదు. కావున వ్యాధిగ్రస్తుల సంఖ్య ఆవాసముల సంఖ్యతోపాటు సున్న కానేరదు. వారికి పింఛను, వైద్యము ఎట్లు జరుగుచున్నవి? ఇది రెండవ ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరునకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగ చెప్పుచున్నది. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రామును మించకుండుటయే మేలనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చుననియు చెప్పుచున్నది. ఈ రెంటిలో ఏ హద్దును పట్టి లెక్క కట్టిరి? ఇది మూడవ ప్రశ్న.

ఈ ప్రశ్నలు వేసినవాడు ఆ పథకమునకు శత్రువని తలంపరాదు. పదేండ్లలోపు పుట్టిన బిడ్డల పండ్లను వారి తాతల పండ్లతో పోల్చి చూడుడు. శుద్ధజలము చేసిన మేలు ఎంతటిదో తెలియును. మేలును మేలుగ ఒప్పుకొని, అది ఎంతవరకు చేరెను, ఎక్కడ ఆగెను అని హద్దురాళ్లు పాతుటయే విచారణ. "సమస్య తీరినది" అని వ్రాసినవాడును, "అంతయు బూటకము" అని వ్రాసినవాడును ఒక్కటే తప్పు చేయుచున్నారు. ఇరువురును ఆ యొక్క మాటకు అర్థమేమని అడుగలేదు.

సొరంగము నేర్పు పాఠము

రెండవ ఉదాహరణము ఉభయసీమలకును సంబంధించినది. శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము పాత పాలమూరు జిల్లాలోని దోమలపెంటవద్ద మొదలై, సుమారు 44 కిలోమీటర్లు నల్లమల గర్భమున సాగి, కృష్ణాజలములను నల్లగొండకు చేర్చుటకు ఉద్దేశింపబడినది. 2005లో పని ఒప్పగింపబడెను. 2025 ఫిబ్రవరి 22వ తేదీన లోపల కప్పు కూలి, నీరును బురదయు విరుచుకొనిపడి 8 మంది పనివారు చిక్కుకొనిరి. మార్చి మాసమున ఇద్దరి దేహములు మాత్రమే లభించినవి.

దీనిపై వ్యాసము వ్రాయుమన్నచో విద్యార్థులు రెండు తెగలగుదురు. ఒక తెగ దుర్ఘటనను తలచి "సొరంగమే తప్పు" అనును. మరియొక తెగ నల్లగొండ దాహమును తలచి "ఎట్లైనను పూర్తి చేయవలెను" అనును. విచారించువాడు ముందుగ రెండు పక్షముల బలమును తూచును. సొరంగము పూర్తియైన నీరు తనంత తానే పారును. ఎత్తిపోతకు ఏటేట కావలసిన విద్యుచ్ఛక్తి ఖర్చు దానికి లేదు. ఇది ఒక సత్యము. సొరంగము రెండు దశాబ్దములకును పూర్తి కాలేదు. ఆ లోపల పుట్టంగండివద్ద నీటిని ఎత్తిపోసి ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కొంత నేలనైనను తడిపినది. ఇదియు సత్యమే. సొరంగముపైన అమ్రాబాదు పులుల అభయారణ్యము ఉండుటచే నడుమ నడుమ ద్వారములు త్రవ్వు వీలు లేకపోయెను. లోపలి పనివానికి వెనుకకు ఒక్కటే త్రోవ మిగిలెను. ఇది మూడవ సత్యము. అడవి, నీరు, ప్రాణము అను ఈ మూడింటిని త్రాసునందుంచి, ఏది ఎంత బరువో కారణముతో చెప్పినవాని వ్యాసమే వ్యాసము.

మరియొక సంగతి కలదు. దేశమున ఎన్నో ఆనకట్టలను, కాలువలను నిర్మించిన చేతులు పాలమూరు కూలీలవని మనము గర్వముగను దుఃఖముగను చెప్పుకొందుము. కాని మన నేలలోని ఈ సొరంగమున చిక్కుకొన్నవారు ఉత్తరప్రదేశము, ఝార్ఖండు, పంజాబు, జమ్మూకాశ్మీరములనుండి వచ్చినవారు. వలసపై వ్రాయు మన విద్యార్థి ఈ వార్తను ప్రక్కన పెట్టి చూచినచో, వలస పాలమూరునకు మాత్రమే పట్టిన దోషము గాదనియు, ఇంటివద్ద పని లేనివాడు ఎక్కడివాడైనను ప్రమాదమున్న పనికి ముందు పోవుననియు గ్రహించును. ఇట్లు రెండు వార్తలను కలిపి మూడవ సత్యమును కనుగొనుట వల్లెవేసిన వ్యాసమునకు సాధ్యము గాదు.

అంకెల విషయమునను ఒక హెచ్చరిక. 2011 జనాభా లెక్కలలో మహబూబ్‌నగరు జిల్లా జనసంఖ్య సుమారు 40 లక్షలు, నల్లగొండది సుమారు 35 లక్షలు. 2016 అక్టోబరున జిల్లాలు విభజింపబడి నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల, సూర్యాపేట, యాదాద్రి జిల్లాలును, 2019లో నారాయణపేట జిల్లాయును ఏర్పడినవి. పేరు మాత్రము పాతదియే, సరిహద్దు క్రొత్తది. పాత అంకెను క్రొత్త అంకెతో పోల్చి "తగ్గినది", "పెరిగినది" అని వ్రాయు విద్యార్థి, సర్వే సంఖ్య చూడక పొలము కొన్నవానివంటివాడు.

ఒక ఆక్షేపణ

పరీక్షకునకు స్వంత అభిప్రాయము నచ్చదనియు, రెండు వైపుల చెరి రెండు మాటలు చెప్పి తప్పుకొనుట క్షేమమనియు కొందరు బోధకులు చెప్పుచుందురు. ఇది సరిగాదు. అభిప్రాయము వేరు, నిర్ణయము వేరు. కారణము చెప్పనిది అభిప్రాయము; సాక్ష్యము చూపి, ఎదుటి వాదమునకు సమాధానము చెప్పి చేసినది నిర్ణయము. న్యాయాధిపతి ఉభయవాదములు విని తీర్పు చెప్పక లేచిపోయిన కక్షిదారులు ఊరకుందురా? ఇక కక్షతో వ్రాయుటకు మందు కూడ ఇందే కలదు. తన యింటివారు అభిమానించు పక్షముచేతిలో ఆ పని జరిగియుండిన తాను ఇట్లే వ్రాయుదునా యని ప్రతి విద్యార్థియు కలము పట్టుటకు ముందు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

కావలసిన ధనము అల్పము

దీనికి భవనములు వలదు, రుసుములు వలదు. ప్రతి గ్రంథాలయమునందును, ప్రతి ఉన్నత పాఠశాలయందును వారమునకొక దినము ఒక్క వార్తను తీసికొని, దానిని రెండు పత్రికలలో చదివి, నలుగురు విద్యార్థులు కూర్చుండి విచారింపవలెను. జరిగినదేమి, ఎవరు చెప్పిరి, వారికెట్లు తెలిసెను, కీలకమైన మాటకు అర్థమేమి, దేనితో పోల్చిరి, లాభమెవరికి, నష్టమెవరికి అని అడిగి, పిదప ఒక్క పుట వ్రాయవలెను. ఆ పుట చివర "ఏ సంగతి బయటపడినచో నా నిర్ణయమును మార్చుకొందును" అని యొక వాక్యము చేర్చవలెను. ఆ యొక్క వాక్యము వ్రాయగలవాడు మూఢపక్షపాతి కాజాలడు. గ్రామములందలి పెద్దలును, పట్టణములందలి వకీళ్లు, వైద్యులు, ఉపాధ్యాయులును నెలకొక గంటయైనను ఈ సభలలో కూర్చుండి, తాము ఎరిగిన వ్యవహారములను పిల్లల ప్రశ్నలకు ఒప్పగింపవలెను.

నేడు వ్యాసము వ్రాయు యువకుడే రేపు తహసీలుదారుడై, ఇంజనీరై, ఒక పల్లెనుగూర్చి నివేదిక వ్రాయును. "సమస్య లేదు" అను గడిలో గీత గీయుటకు ముందు ఆ మాటకు అర్థమేమని అతడు ఆగి ఆలోచించునా లేదా యనుటపై ఆ పల్లెవారి నీరు ఆధారపడియున్నది. ఆ ఆలోచనకు అలవాటు ఉద్యోగము దొరికిన మరునాడు పుట్టదు, విద్యార్థిదశయందే పుట్టవలెను. మార్కుల కొరకు ఎకరములమ్ముచున్న తండ్రులు తమ బిడ్డలను నేటి సాయంకాలమే పిలిచి, ఉదయపు పత్రికలోని ఒక్క వార్తను చూపి, "ఇది నిజమని నీకెట్లు తెలిసినది?" అని అడుగుదురుగాక.